చెప్పకుండా కరిగే లోహం

అల్యూమినియం అతకడం కొత్తగా నేర్చుకోదలచినవారు ఏ పద్ధతితో మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం చెప్పేయవచ్చు. కానీ ఆ వాక్యం దగ్గరకు చేరడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దారిలో తెలుసుకున్నవి ఒకచోట రాసి పెడితే మరొకరికి అక్కరకు వస్తాయన్న ఉద్దేశంతో ఈ టపా. పద్యాల కోసమో, పాత పుస్తకాల కబుర్ల కోసమో ఇటు తొంగిచూసే మిత్రులు మన్నించాలి. ఈసారి ఇక్కడ లోహం తప్ప మరేమీ లేదు.

ముందుగా నాకీ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. పక్షవాతం వచ్చిన తరువాత మా అమ్మకు కుడి కాలు స్వాధీనంలో లేదు. చక్రాల కుర్చీయే ఆధారం. మేము అద్దెకుంటున్న ఇంటి ముందు రెండు మెట్లున్నాయి, ఒక్కొక్కటీ 15 సెంటీమీటర్ల ఎత్తు. నడిచేవారికి అవి ఉన్నట్టే తెలియదు. కుర్చీలో కూర్చున్నవారికి అదే ఊరి పొలిమేర. చక్రాల కుర్చీ క్షేమంగా ఎక్కి దిగాలంటే ర్యాంపు వాలు ఒకటికి పన్నెండుకు మించకూడదన్నది అందరూ పాటించే లెక్క. అంటే 30 సెంటీమీటర్ల ఎత్తుకు 3.6 మీటర్ల పొడవు కావాలి. సిమెంటుతో కట్టిద్దామంటే ఇల్లు మాది కాదు. పై వాటావారు నడిచేదీ ఆ దారినే కనుక వాడుకున్నప్పుడు పరిచి, తరువాత తీసి గోడకు ఆనించవలసిందే. పగటిపూట ఇంట్లో ఉండేది అమ్మ, అక్కయ్య, పనిమనిషి. ఆ బల్లను ఎత్తవలసినవారు ఆ ఇద్దరు ఆడవాళ్ళే.

కాబట్టి ఇనుము పనికిరాదు. ఇనుము ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములే. ర్యాంపును 1.8 మీటర్ల చొప్పున రెండు ముక్కలుగా చేసి, మధ్యలో ఒక కాళ్ళ చట్రం నిలబెట్టాలనుకున్నాను. ఒక్కొక్క ముక్క అల్యూమినియంతో అయితే 20 కిలోల దరిదాపుల్లో వస్తుంది. అవే కొలతలతో ఇనుములో చేస్తే 60 కిలోలకు తక్కువ కాదు. ఎంపిక అక్కడే తేలిపోయింది. తేలనిది అతుకు సంగతి.

బెజవాడ ఆటోనగరులో లారీల గేరుబాక్సు గుల్లలు, ఇంజను మూతలు అతికే మేస్త్రీ గారొకరు నాకు పరిచయం. పని నేర్పమని అడిగితే ఆయన మొదట చెప్పిన మాట ఇది: "ఇనుము చెప్పి కరుగుతుందండీ. ఇది చెప్పకుండా కరుగుతుంది. ముందు ఆ సంగతి మనసులో పెట్టుకోండి, మిగతాది తరవాత చూద్దాం." తరువాత నేను చదివిన సాంకేతిక విషయాలలో సగం ఈ రెండు వాక్యాలకు వ్యాఖ్యానమే.

ఇనుము వేడెక్కుతుంటే ముదురు ఎరుపు, నారింజ, పసుపు రంగులు వరుసగా కనబడతాయి. కంటికి హెచ్చరిక అందుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, మిశ్రమ లోహాలైతే ఇంకా ముందే. ఆ వేడికి అది చెప్పుకోదగ్గ కాంతి వెలువరించదు. నిమిషం క్రితం ఎలా ఉందో అలాగే వెండిలా మెరుస్తూ ఉండి, ఉన్నట్టుండి జారి కింద పడుతుంది. ఇది మొదటి చిక్కు.

రెండవది దాని పైపొర. గాలి తగిలిన క్షణంలోనే అల్యూమినియం మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. తుప్పు పట్టకుండా లోహాన్ని కాపాడేది అదే. ఆ పొర కరగాలంటే దాదాపు 2,050 డిగ్రీలు కావాలి. లోపల లోహం 660కే నీరైపోతే పైన తొడుగు ఇంకా గట్టిగానే నిలిచి ఉంటుంది. ఆ తొడుగును ఛేదించకుండా రెండు ముక్కలను ఎంత కరిగించినా, రెండు సంచులలోని నీళ్ళలాగా పక్కపక్కన ఉంటాయే గానీ కలవవు.

మూడవది వేడి పారిపోవడం. అల్యూమినియం మిశ్రమాన్ని బట్టి మామూలు ఉక్కుకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడిని లాగేసుకుంటుంది. మొదట ఎంత కాల్చినా కరగదు. ముక్క మొత్తం వేడెక్కిన తరువాత ఇక ఆగదు. నాలుగవది హైడ్రోజను. కరిగిన అల్యూమినియం తనలో ఇముడ్చుకునే హైడ్రోజను గట్టిపడ్డ లోహంలో ఇమిడేదానికి దాదాపు ఇరవై రెట్లు. చెమట, నూనె, తేమ ఏది ఉన్నా అందులోని హైడ్రోజను ద్రవంలో చేరి, గట్టిపడేటప్పుడు బయటికి రాలేక బుడగలుగా చిక్కుకుపోతుంది. అతుకు జల్లెడలా తయారవుతుంది.

ఏ పద్ధతి అయినా ఈ నాలుగు చిక్కులకూ ఏదో ఒక జవాబు చెప్పాలి. ఎంపికకు నేను పెట్టుకున్న కొలబద్ద అదే.

అన్నిటికంటే సులభంగా కనబడేవి తక్కువ వేడికి కరిగే కడ్డీలు. గ్యాసు మంట ఒక్కటి ఉంటే చాలునని అమ్ముతారు. వీటిలో ఎక్కువభాగం జింకు ప్రధానమైన మిశ్రమాలు, 400 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతాయి. అసలు లోహం కరగదు కనుక ఇది వెల్డింగు కాదు, టంకం వంటిది. కడ్డీ కొసతోనో బ్రష్షుతోనో గీకి ఆక్సైడు పొరను చెదరగొట్టాలి. కారుతున్న గొట్టానికీ, చిల్లుపడ్డ మూతకూ ఇవి చక్కగా పనికివస్తాయి. మనిషి బరువు పడే చోట నేను వీటిని నమ్మలేను.

తరువాతది గ్యాసు వెల్డింగు. ఆక్సిజన్, ఎసిటిలిన్ మంటతో, క్లోరైడులు ఫ్లోరైడులు కలిసిన ఫ్లక్సుతో అల్యూమినియాన్ని అతకడం పాత విద్య. ఆక్సైడు పొరను ఫ్లక్సు కరిగిస్తుంది. సన్నని రేకు మీద పని తెలిసిన చేతిలో ఈ అతుకు ఎంతో నున్నగా వస్తుంది. అయితే వేడెక్కిన ఫ్లక్సు పచ్చని వెలుగు చిమ్మి, చూడవలసిన ద్రవాన్ని కంటికి ఆనకుండా చేస్తుంది. రంగు మారని లోహాన్ని ఆ వెలుగులో గమనించడం కొత్తవారికి కష్టం. పని అయ్యాక ఫ్లక్సు మిగలకుండా వేడినీళ్ళతో కడగకపోతే అదే లోహాన్ని తినేస్తుంది. గొట్టాల లోపలికి చేరిన ఫ్లక్సును కడిగేదెలా? నా పని అంతా గొట్టాలతోనే కాబట్టి ఈ పద్ధతిని పక్కన పెట్టాను.

మూడవది మామూలు కడ్డీ వెల్డింగు. వీధి చివర గేట్లు చేసే దుకాణాలలో కనబడేదే. అల్యూమినియం కడ్డీలు వేరుగా దొరుకుతాయి. ఉన్న డీసీ యంత్రంతోనే పని జరగడం దీని సుగుణం. కానీ ఈ కడ్డీ చాలా వేగంగా కరిగిపోతుంది, పూత తేమను పీల్చుకుంటుంది, పైన పేరుకున్న మడ్డి గ్యాసు వెల్డింగు ఫ్లక్సులాగే లోహాన్ని తింటుంది. మందమైన పోత వస్తువులకు అత్యవసర మరమ్మతుగా దీనికి ఒక స్థానం ఉంది. మూడు మిల్లీమీటర్ల గొట్టానికీ, తొలిసారి పట్టే చేతికీ కాదు.

ఇక మిగిలినవి రెండు. నిజమైన పోటీ వీటి మధ్యనే.

మన దుకాణాలలో సీఓటూ వెల్డింగు అని పిలిచేదాన్ని పుస్తకాలు మిగ్ అంటాయి. తీగ దానంతటదే తుపాకీ గుండా వస్తూ కరుగుతుంటుంది. అల్యూమినియానికి మాత్రం బొగ్గుపులుసు వాయువు పనికిరాదు, శుద్ధమైన ఆర్గాన్ కావాలి. 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో ఈ పద్ధతి రూపుదిద్దుకున్నప్పుడు దాని తొలి లక్ష్యం అల్యూమినియమే. ఉక్కుకు అది తరువాత విస్తరించింది. వేగం దీని బలం. టిగ్‌తో గంట పట్టే అతుకు దీనితో నిమిషాలలో అయిపోతుంది. తీగ మెత్తనిది కనుక మార్గమధ్యంలో ముడిపడి పిచ్చుకగూడు కడుతుంది; తీగ చుట్టను తుపాకీ మీదనే అమర్చే స్పూల్ గన్ అందుకు విరుగుడు. మేస్త్రీ గారు కూడా, "అంత పొడుగు పనికి మిగ్ పట్టుకుంటే రెండు పూటల్లో తేలిపోతుంది" అన్నారు.

ఆర్గాన్ వెల్డింగు అని మనవాళ్ళు పిలిచేది టిగ్. 1941లో నార్త్‌రప్ విమాన కర్మాగారంలో రసెల్ మెరిడిత్ మెగ్నీషియం భాగాలు అతకడానికి టంగ్‌స్టన్ మొన, హీలియం వాయువులతో దీన్ని రూపొందించాడు. కరగని టంగ్‌స్టన్ మొన నుంచి విద్యుత్ మంట వస్తుంది. కడ్డీ రెండవ చేతిలో వేరుగా ఉంటుంది. వేడి ఎంతో కాలి పెడలు నిర్ణయిస్తుంది. అల్యూమినియానికి ఏసీ విద్యుత్తు వాడతారు. మొన ధన ధ్రువంగా ఉన్న అర్ధభాగంలో ఆక్సైడు పొర చెదిరిపోతుంది. రుణ ధ్రువంగా ఉన్న అర్ధభాగంలో వేడి లోహంలోకి దిగుతుంది. ఫ్లక్సు లేదు, కడగవలసిన మడ్డి లేదు. మంట కింద మసకగా ఉన్న లోహం ఒక్కసారిగా అద్దంలా మెరిసే దృశ్యం చూసితీరవలసినదే. "అదిగో, నీరయింది, ఇప్పుడు కడ్డీ పెట్టండి" అంటారు మేస్త్రీ గారు.

కొత్తవారికి టిగ్ కష్టమనీ, మిగ్ సులువనీ అందరూ అంటారు. చేతి పని దృష్టితో చూస్తే అది నిజమే. టిగ్‌లో రెండు చేతులూ ఒక కాలూ మూడు వేర్వేరు పనులు చెయ్యాలి. అయినా నేను టిగ్‌నే ఎంచుకున్నాను. కారణం ఒక్కటే. మిగ్‌లో మీట నొక్కిన క్షణం నుంచి తీగ వచ్చి పడుతూనే ఉంటుంది, కింద లోహం కరిగిందో లేదో దానికి పట్టదు. చల్లగా ఉన్న అల్యూమినియం మీద మొదటి కొన్ని సెంటీమీటర్లలో పైకి అందమైన గీత కనబడుతూ, కింద ఏమీ అతుక్కోకుండా ఉండిపోవచ్చు. అనుభవజ్ఞుడు ఆ లోపాన్ని చప్పుడును బట్టి పసిగట్టగలడు. కొత్తవాడికి ఆ చెవి ఉండదు. టిగ్‌లో లోహం నీరయ్యేదాకా కడ్డీ పెట్టకుండా ఆగే అవకాశం ఉంది. అంటే మిగ్ తప్పును దాచగలదు. టిగ్ దాదాపు ఎప్పుడూ కళ్ళెదుట పెడుతుంది. అమ్మ కూర్చునే కుర్చీ దాని మీదుగా వెళ్ళాలి కనుక నాకు కావలసింది సులువైన పద్ధతి కాదు, దాపరికం లేని పద్ధతి.

ఈ దారిలో వెళ్ళదలచినవారికి కొన్ని వివరాలు. టిగ్ అని రాసి ఉన్న చవక యంత్రాలు చాలావరకు డీసీ మాత్రమే ఇస్తాయి. ఉక్కుకూ స్టీలుకూ అవి చాలు. అల్యూమినియానికి ఏసీ, డీసీ రెండూ ఉన్న యంత్రమే కొనాలి, ధర కొన్ని రెట్లు ఎక్కువైనా సరే. కరెంటు మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్ల లెక్కన, 3 మిల్లీమీటర్ల గొట్టానికి 120 ఆంపియర్లు. ఆర్గాన్ నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు. 7 ఘనపు మీటర్ల పెద్ద సిలిండరు నిమిషానికి 10 లీటర్ల చొప్పున పదకొండున్నర గంటలు వస్తుంది. ముక్కను ముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆ తరువాతే స్టీలు బ్రష్షుతో రుద్దాలి. వరుస తారుమారైతే బ్రష్షు నూనెను లోపలికి రుద్దుతుంది. ఆ బ్రష్షును ఇనుము మీద ఎన్నడూ వాడకూడదు.

కడ్డీలలో ప్రధానంగా రెండు రకాలు. 4043లో సుమారు 5 శాతం సిలికాన్ ఉంటుంది. చక్కగా పారుతుంది, పగుళ్ళు తక్కువ. 5356లో సుమారు 5 శాతం మెగ్నీషియం ఉంటుంది; బలం ఎక్కువ, ఎనోడైజింగు చేస్తే రంగు బాగా కలుస్తుంది. నేను వాడిన 6063 రకం గొట్టాన్ని కడ్డీ లేకుండా అతికితే చల్లారేటప్పుడే పగులుతుంది, కాబట్టి కడ్డీ తప్పనిసరి. పగుళ్ళ భయంతో నేను 4043 తీసుకున్నాను. గీత చివర పెడలు ఒక్కసారిగా వదిలేయకుండా, మరొక చుక్క కడ్డీ పెట్టి మెల్లగా తగ్గిస్తే చివరి గుంట పగలదు.

ఒళ్ళు దాచుకోవడం గురించి రెండు మాటలు. అల్యూమినియం మీద మంట వెలుగు బాగా ప్రతిఫలిస్తుంది. ముసుగే కాదు, పొడుగు చేతుల నూలు చొక్కా, మెడ కప్పే గుడ్డ కావాలి. క్లోరిన్ కలిసిన ద్రావకాలతో తుడిచిన ముక్క దగ్గర మంట వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. ఆర్గాన్ గాలికంటే బరువైనది కాబట్టి మూసిన గదిలో పని చెయ్యకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పద్ధతి ఏదైనా, అతుకు ఎంత బాగా కుదిరినా, దాని పక్కనున్న లోహం బలహీనపడుతుంది. 6061, 6063 రకాలకు బలం వచ్చేది వేడి సంస్కారం వలన. వెల్డింగు వేడి ఆ సంస్కారాన్ని చెరిపేస్తుంది. 6061-టీ6 రకం తెగేదాకా భరించే బలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 310 న్యూటన్లు. అతికిన తరువాత లెక్కలో తీసుకోదగ్గది సుమారు 165 మాత్రమే. 6063 పరిస్థితీ అంతే. వెల్డింగు గీతకు ఇరువైపులా సుమారు 25 మిల్లీమీటర్ల దాకా ఈ బలహీనత ఉంటుందని భావించి లెక్క వేస్తారు.

నా ర్యాంపుకు రెండు వైపులా ఉన్న బద్దెలు 75 × 40 మిల్లీమీటర్ల గొట్టాలు, 3 మిల్లీమీటర్ల మందం. కుర్చీ, అమ్మ, వెనక నెట్టేవారు కలిపి 160 కిలోలు అనుకుందాం. అదంతా ఒకే బద్దె మీద, సరిగ్గా మధ్యలో పడితే వచ్చే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 57 న్యూటన్లు. వేడి తగలని 6063-టీ6 గొట్టం దానికి మూడింతలైనా వంగకుండా మోస్తుంది. వెల్డింగు వేడి తగిలిన చోట అదే గొట్టం వంగడం మొదలుపెట్టే హద్దు దాదాపు ఆ 57 దగ్గరే ఉంటుంది. అంటే మధ్యభాగంలో నేను ఎంత అద్భుతంగా అతికినా ఆ అతుకే ప్రమాదం. కాబట్టి బద్దె మధ్య మూడవ వంతులో ఒక్క వెల్డింగూ పెట్టలేదు. అక్కడి అడ్డకమ్ములను గొట్టం సగం ఎత్తులో, అంటే వంపు ఒత్తిడి సున్నా అయ్యే గీత మీద, రంధ్రాలు చేసి స్టీలు బోల్టులతో బిగించాను. ఒత్తిడి తగ్గిపోయే చివర్లలోనే వెల్డింగు. పైన పరిచిన చెకర్డ్ ప్లేటుకు రివెట్లు. ఏ పద్ధతితో అతకాలి అన్న ప్రశ్నకు ముందు ఎక్కడ అతకకూడదు అన్న ప్రశ్న ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

చేతి మీద నమ్మకం ఎలా కుదిరింది? నమ్మకం కుదిరేదాకా ఆగడం కాదు, పరీక్ష పెట్టుకోవడమే మార్గమన్నారు మేస్త్రీ గారు. రెండు తుక్కు ముక్కలను నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక వైపే అతికి, వైసులో బిగించి, అతుకు మీదకు మడిచేలా సుత్తితో కొట్టాలి. విరిగిన చోట మూలలో మెరిసే సన్నని గీత కనబడితే అక్కడ లోహం కలవలేదన్నమాట. నల్లని చుక్కలు కనబడితే బుడగలు. గరుకుగా, ఒకే తీరున బూడిదరంగులో ఉంటే మంచి అతుకు. వరుసగా పది ముక్కలు మంచివి వచ్చేదాకా ర్యాంపు మీద చెయ్యి వెయ్యకూడదని ఆయన షరతు. పదకొండవ వారంలో ఆ వరుస పూర్తయింది. అప్పుడు కూడా, గడప అంచుకు తగిలించే కొక్కేల నాలుగు అతుకులు ఆయనే వేశారు. "అవి జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అవి నాకు వదిలెయ్యండి" అన్నారు. నేను మారుమాట్లాడలేదు.

తయారైన ముక్క మీద ఏడు సిమెంటు బస్తాలు, అంటే 350 కిలోలు, సమంగా పరిచి ఒక రాత్రంతా ఉంచాము. అంచున కట్టిన పురికొసతో కొలిస్తే మధ్యలో 4 మిల్లీమీటర్లు కుంగింది. లెక్కలో వచ్చినదీ అంతే. పొద్దున్నే బస్తాలు దించితే తిరిగి కొసకు సమానంగా లేచింది. రెండవ ముక్కకూ అలాగే చేశాము.

తరువాతే అమ్మకు చూపించాను. ఆవిడ బల్లను చేత్తో తడిమి, "ఇది నన్ను మోస్తుందా నాన్నా?" అంది. కొలతలు, న్యూటన్లు చెప్పబోయి మానుకున్నాను. అక్కయ్య బస్తాల సంగతి చెప్పింది: "నువ్వు ఏడు బస్తాలున్నావా ఏంటమ్మా?" ఆవిడ నవ్వింది, సగం ముఖంతోనే. పద్నాలుగు నెలల తరువాత ఆ సాయంత్రం వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్ళి వచ్చింది.

నెలకొకసారి నేను ప్రతి అతుకునూ సబ్బునీళ్ళతో కడిగి, భూతద్దంతో పగుళ్ళు వెతుకుతుంటాను. అల్యూమినియానికి అలసట ఉంది. చిన్న బరువైనా వేలసార్లు పడితే ఎప్పుడో ఒకనాడు పగులు మొదలుకావచ్చు. కాబట్టి చెయ్యడంతో పని అయిపోలేదు, చూసుకోవడం మిగిలే ఉంది.

మొదట వాయిదా వేసిన ఆ ఒక్క వాక్యం ఇదీ: పని పలుచనిదై, వేగం అక్కరలేక, మనిషి భారం మోసేదైతే, ఏసీ యంత్రంతో టిగ్ నేర్చుకోండి. పొడవైన, మందమైన పనులు రోజూ చేసేవారైతే మిగ్ వైపు వెళ్ళండి, కానీ విరిచి చూడడం మాత్రం మానకండి.

చివరగా భాషాభిమానులకు ఒక విన్నపం. మంట కింద నిలిచే ఆ మెరిసే ద్రవానికి తెలుగులో నామవాచకం దొరకక ఈ టపా అంతటా "నీరయింది" అన్న మేస్త్రీ గారి క్రియతోనే నెట్టుకొచ్చాను. "మడుగు" అందామంటే చేపలు గుర్తొస్తున్నాయి. పని చేసేవారి నోట విన్న మాట మీ దగ్గర ఏదైనా ఉంటే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను.